గిర్ని ఇంట్లో గోధుమ లేని ఈద్

"ఆ సంచి లోపలికి తేకు. గడప అవుతల్నే పెట్టు."

సుగ్రా బేగం మాటకు ఆమె భర్త అహ్మద్ ఉన్నచోటే ఆగిపోయాడు. ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట. భుజం మీద తెల్లటి కొత్త గుడ్డసంచి. అందులోని జొన్నపిండి వేడి ఇంకా చల్లారలేదు.

"కొత్త సంచి సుగ్రా. పిండి గూడ పట్టంగనే తెచ్చిన."

"యాడ పట్టినవ్?"

"యాడ పడ్త? నాకేమన్న పది గిర్నీలున్నయా?"

ఉన్న పిండిమర ఒక్కటే. అదీ ఇంటి ముందు భాగంలోనే. వనపర్తి పాతబజారులో పిండి పట్టించుకోని ఇల్లుండదు గనుక గిర్ని అహ్మద్ పేరు తెలియని ఇల్లూ ఉండదు. ఆ ఇంటి కిటికీల మీద, ఆరేసిన బట్టల మీద, చివరికి అహ్మద్ కనుబొమల మీద కూడా ఏడాది పొడుగునా గోధుమపిండి తెల్లగా పేరుకుని ఉంటుంది. అలాంటి ఇంట్లో పుట్టిన మనవరాలు ముబషిరాకు గోధుమే పడలేదు. దేవుడి చమత్కారాలు ఇలాగే ఉంటాయి.

"నీ కోడలు రుబీనా ఫోన్ల ఏమన్నది? గిర్ని పిండి వద్దన్నదా లేదా?"

"రాయి సాఫ్ చేసిన. ముందుగాల జొన్నలు పోసి తిప్పిన, ఆ పిండి బర్లకేసిన. మల్ల తిప్పిన, అది గూడ బర్లకే. ఆ తర్వాతనే ఇవి పట్టిన. ఇంకేం చెయ్యాలె?"

"బర్లకు ఏం కాదు. పిల్లకు అయితది."

"అంటే నా చేతి పిండి విషమా?"

ఉపవాసం ఉన్నవాళ్లకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ ఇంట్లో పొద్దున్నుంచి ఇద్దరూ మంచినీళ్లయినా ముట్టకుండా ఉన్నారు. మాట మీద మాట పెరిగితే ఎక్కడికి పోతుందో ఇద్దరికీ తెలుసు.

"చెప్పు సుగ్రా. పెబ్బేరు సంతకొచ్చెటోళ్లు గూడ నా గిర్నిలనే పట్టిచ్చుకోని పోతరు. నా మనుమరాలికి నా పిండి పనికి రాదా?"

లోపలి గదిలో నుంచి కొడుకు ఫహీమ్ వచ్చాడు. గడ్డం గీసుకోలేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పనికి రాదు అబ్బా. గదే మాట వందసార్లు చెప్పిన. హైదరాబాదు డాక్టర్ గూడ చెప్పిండు. నువ్వు ఇనవు, అమ్మీ ఇనలే. ఇయాల నా పెండ్లాన్ని, బిడ్డను గద్వాలకు పోయి సుట్టపోని లెక్క సూసొస్తున్న. చాయ్ తాగి, మంచిగున్నరా అని అడిగి, బస్సెక్కి వస్తున్న. నీకు పిండి పరేషాన్, నాకు సంసారం పరేషాన్."

అహ్మద్ ముఖం చిన్నబోయింది. సంచి తిరిగి భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి గిర్ని మోత మొదలైంది. ఆ మోతలో కూడా ఆయన కోపం వినిపించింది సుగ్రా బేగంకి.

డాక్టరు పిల్ల జబ్బుకి సీలియాక్ అని పేరు చెప్పాడు. గోధుమలో గ్లూటెన్ అనేది ఒకటుంటుందట. అది చిటికెడు లోపలికి పోయినా పిల్ల పేగులు పుండవుతాయట. రొట్టె, రవ్వ, సేమియా, బిస్కెట్లు అన్నీ బందు. ఆ ముక్క సుగ్రా బేగం చెవికెక్కలేదు. ఎక్కేసరికి కోడలు పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది.

ఇప్పుడు రుబీనా వస్తానంది. ఈద్ నాడు, తల్లినీ తండ్రినీ వెంటబెట్టుకుని. "దావత్ మొత్తం గోధుమ లేకుండ చెయ్యుండ్రి అత్తమ్మా. తిన్నంక నా బిడ్డ కడుపు మంచిగుంటే నేను ఈడ్నే ఉంట. లేకుంటే ముబషిరాను గద్వాల బడిలనే ఏస్త. మల్ల నన్ను అడగకుండ్రి." ఫోనులో అంతే చెప్పి పెట్టేసింది. గట్టిగా అరిచి ఉంటే సుగ్రా బేగం కూడా గట్టిగా అరిచి ఉండేది. అరవలేదు. అదే భయం.

* * *

నెలవంక కనిపిస్తే రేపే పండుగ. కనిపించకపోతే ఎల్లుండి. ఆ ఎటూ తేలకపోవడం కూడా సుగ్రా బేగం ప్రాణం తీస్తోంది. రాత్రి నానబెట్టిన బియ్యం గుడ్డ మీద ఆరుతున్నాయి, జొన్నలు చేటలో ఉన్నాయి. పిండి మాత్రం లేదు. ఆమె రెండూ ఎత్తుకుని పక్కింటి జానకమ్మ వాకిట్లోకి వెళ్లింది.

"జానకమ్మా, నీ ఇసుర్రాయి కావాలె."

జానకమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏందీ? గిర్నోని పెండ్లామొచ్చి నా ఇసుర్రాయి అడుగుతున్నదా? ఈ సుద్ది ఊరంత చెప్పకుంటే నాకు అన్నం అరగది."

"చెప్పుకో. దాంట్ల ఎన్నడన్న గోధుమలు ఇసిరినవా? నిజం చెప్పు."

"మా అత్త కాలం నుంచి కందులు, పెసర్లు, జొన్నలు. గోధుమ మొకమే ఎరగదు అది. గోధుమలకు మీ ఆయన ఉండె గద."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుని తిప్పారు. ముందు బియ్యం, తర్వాత జొన్నలు. జానకమ్మే మాట మొదలుపెట్టింది.

"సుగ్రమ్మా, ఒకటి అడుగుత, ఏమనుకోకు. పీర్ల పండుగ నాడు నువ్వే పెట్టినవా పిల్లకు?"

సుగ్రా బేగం చెయ్యి ఆగింది. రాయి కూడా ఆగింది.

"పీర్ల ముందట పెట్టిన మలీద. గోధుమ రొట్టె, బెల్లం నలిపి చేస్తం గద. అందరు పిల్లలు తింటుండ్రు, ఇది మూలకు నిలవడి సూస్తున్నది. ఒక్క ముద్దకు ఏమైతది అనుకున్న. వంటింట్లకు తీస్కపోయి పెట్టిన. అమ్మకు చెప్పొద్దు బిడ్డా అన్న."

"మల్ల?"

"మల్లేముంది. దవాఖాన. సెలైన్ సీసలు. పిల్ల చెప్పకుంట చెప్పకుంట ఆఖరికి చెప్పింది. రుబీనా నన్ను ఒక్క మాట అనలే. సంచి సర్దుకున్నది, పోయింది."

జానకమ్మ పిడి మీద సుగ్రా బేగం చెయ్యి పక్కనే తన చెయ్యి వేసి మళ్లీ తిప్పింది.

పిండి ఒక కష్టం. కటోరా గిన్నెలది ఇంకో కష్టం. ఈద్ నాడు ఆ గల్లీలో షీర్ ఖుర్మా పాయసంతో కటోరాలు ఇంటింటికీ తిరుగుతాయి. ఎవరి కటోరానూ వద్దన్నవాళ్లు లేరు, ఖాళీగా తిప్పి పంపినవాళ్లూ లేరు. అన్నింటిలోనూ గోధుమ సేమియాయే. అందుకే సుగ్రా బేగం ఎండలో బురఖా వేసుకుని గల్లీ అంతా తిరిగింది. "ఈసారి మా ఇంటికి కటోరా పంపకుండ్రి. బురా అనుకోకుండ్రి" అని ప్రతి గడప ముందూ చెప్పింది.

"గిర్నోళ్ల ఇంట్ల గోధుమలు బందా?" అని ఒకామె పక్కున నవ్వింది. "కోడలికి గంత భయపడితే ఎట్ల సుగ్రా ఆపా?" అని ఇంకొకామె జాలిపడింది. నవ్వుకంటే ఆ జాలే ఎక్కువ కాల్చింది. ఇంటికొచ్చేటప్పటికి గొంతు ఎండిపోయి, ఒళ్లు తూలుతోంది. అయినా వంటింట్లోకి వెళ్లి, ఉడికించిన బియ్యప్పిండి ముద్దను మురుకుల గొట్టంలో పెట్టి, కొత్త గుడ్డ మీద సన్నగా ఒత్తడం మొదలుపెట్టింది. సేమియా అంటే ఇక ఇదే.

సగం ఒత్తిందో లేదో, గిర్ని మోత ఆగిపోయింది.

కరెంటు పోయిందేమో అనుకుంది. కాదు, తలమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. బయట జనం గోల. "అహ్మద్ భాయ్, పండుగ ముందట బందు పెడితే ఎట్ల? డబ్బలు పట్టుకోని నిలబడ్డం గద!"

"కొత్తకోట రోడ్డుకు ఇంకో గిర్ని ఉన్నది. పోండ్రి," అంటున్నాడు అహ్మద్.

సుగ్రా బేగం కిటికీ తెరిచి చూసింది. ఆయన షట్టరు దించి, లుంగీ ఎగగట్టి, నీళ్ల పైపు పట్టుకుని గోడలు కడుగుతున్నాడు. కిటికీలు, తలుపులు, మెట్లు, ఆఖరికి కరెంటు తీగల కింద ఉన్న జామచెట్టు ఆకులు కూడా. తెల్లటి నీళ్లు మోరీలోకి పారుతున్నాయి. పండుగ గిరాకీని కాలదన్నుకున్న మొనగాడు పాతబజారులో ఆయన ఒక్కడే.

ఆమె కిటికీ మూసేసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పిండిలో పడతాయని తల పక్కకు తిప్పుకుంది.

ఆ సాయంత్రం నెలవంక కనిపించింది.

* * *

గద్వాల కారు వచ్చేటప్పటికి మటన్ బిర్యానీ దమ్ము మీద ఉంది. దహీవడలు పెరుగులో నానుతున్నాయి. జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి ఉన్నాయి. కొత్త గిన్నెలో షీర్ ఖుర్మా ఉంది. ఖర్జూరాలు, సారపప్పు, బాదం అన్నీ పడ్డాయి. సేమియా మాత్రం తెల్లగా, లావుగా ఉంది.

ముబషిరా కారు దిగుతూనే అహ్మద్ మీదికి ఉరికింది. ఆయన రెండు చేతులూ పైకెత్తి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఈద్గా నుంచి వచ్చాక రెండోసారి స్నానం చేశాడు, బట్టలు మార్చాడు, అయినా భయమే. పిల్ల ఆగలేదు. నడుం చుట్టేసుకుని ముఖం పైకెత్తి చూసింది.

"దాదా, నీకు పిండి లేదు!"

అహ్మద్ చేతులు మెల్లగా కిందికి దిగాయి. రుబీనా అది చూసింది. బురఖా విప్పి గోడకున్న మేకుకు తగిలించింది. సంచి మాత్రం కారులోనే ఉంచింది.

రుబీనా తల్లి ఖాజాబీ నేరుగా వంటింట్లోకి వచ్చింది. పరీక్ష పెట్టే పంతులమ్మలా మూతలన్నీ ఎత్తి చూసింది.

"మసాల యాడ పట్టిచ్చిండ్రు?"

"రోట్ల దంచిన ఆపా."

"రొట్టెల పిండి?"

"జానకమ్మ ఇసుర్రాయి మీద ఇసిరినం."

"గిన్నెలు?"

"కొత్తయి."

"మంచిదే. మంచిదే. ఒకసారి దెబ్బతిన్నోళ్లం గద, అడుగుతం. మా పిల్ల పానం మాకు ముఖ్యం." ఖాజాబీ గిన్నె మూత పెట్టి ముందుగదిలోకి వెళ్లింది. సుగ్రా బేగంకి ఒళ్లు మండింది. మా పిల్లట! ఈ ఇంట్లో పుట్టి, ఈ చేతుల మీద పాకిన పిల్ల. అయినా పంటి బిగువున ఓర్చుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రోజు తనదే మరి.

ముందుగదిలో రుబీనా నాన్న హఫీజ్ సాబు ఏదో చెబితే ఫహీమ్ నవ్వాడు. ఆ వెంటనే రుబీనా కూడా నవ్వింది. ఆ నవ్వు విని సుగ్రా బేగం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఈ ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

ముబషిరా పరికిణీ ఎత్తిపట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "దాదీ, షీర్ ఖుర్మానా?"

"అవు బిడ్డా. నీకోసమే చేసిన. దీంట్ల గోధుమ లేదు. నువ్వు ఎంతన్న తినొచ్చు." చిన్న గిన్నెలో పోసి ఇచ్చింది.

పిల్ల చెంచాతో తీసి, తినకుండా చూసింది. "ఇది లావుగున్నది. పొద్దుగాల నానీ ఇచ్చింది సన్నగుండె. ఎర్రగుండె."

సుగ్రా బేగంకి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక పీట లాక్కుని కూర్చుంది.

"మీ ఖాజాబీ నానీ ఏమిచ్చింది బిడ్డా?"

పిల్ల తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "షీర్ ఖుర్మా. ఒక్క చెంచనే. మల్ల ఇంకో చెంచ. పండుగ పూట నోరు తీపి చేస్కోకుంట బైటికి పోవద్దంట. ఒక్క చెంచకు ఏమైతది అన్నది."

అవే మాటలు. తన నోటి మాటలే గద్వాల దాకా పోయి ఇంకో ముసలామె నోట్లో నుంచి వచ్చినట్టు వినిపించాయి.

"అమ్మకు తెలుసా?"

"ఊహుఁ. చెప్పొద్దన్నది. నువ్వు గూడ చెప్పకు దాదీ. చెప్తే అమ్మ నన్ను నానీ తాన గూడ ఉండనియ్యదు. నీ పేరు చెప్తే నీ తాన్నుంచి తీస్కపోయింది గద."

సుగ్రా బేగం పిల్ల తల మీద చెయ్యి వేసింది. ఇప్పుడే వెళ్లి చెబితే? అన్నం వడ్డించకముందే సాకు వెతుక్కుంటోంది అంటారు. చెప్పకపోతే, ఈ పిల్ల కడుపులో ఏం జరిగినా తన గిన్నెల మీదికే వస్తుంది. రెండు చెంచాలే కదా, ఏమీ కాకపోవచ్చు కూడా. ఆ మాట మనసులో అనుకున్న మరుక్షణం తన మీద తనకే కోపం వచ్చింది. ఇంకా నేర్చుకోలేదా ముసలిదానా!

మంచినీళ్ల వంకతో ఖాజాబీని వెనక వరండాలోకి పిలిచింది.

"ఆపా, పొద్దుగాల పిల్ల ఏం తిన్నది?"

ఖాజాబీ గ్లాసు నోటి దాకా తెచ్చి ఆపింది. "ఏం తింటది? రెండు ఖర్జూరాలు తిన్నది. ఎందుకు?"

"ఊరికెనే. రుబీనాకు తెలిస్తే మంచిదని."

"ఏం తెలిసేది ఉన్నది? పండుగ పూట గిదేం మాట సుగ్రా ఆపా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అడిగినామెకూ తెలుసు, అడిగించుకున్నామెకూ తెలుసు. ఖాజాబీ గ్లాసు అక్కడే పెట్టి లోపలికి వెళ్లింది. నీళ్లు తాగలేదు.

* * *

దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి పళ్లేలు పెట్టారు. అందరూ కూర్చున్నారు. అహ్మద్ స్వయంగా జొన్నరొట్టె తుంచి హఫీజ్ సాబు పళ్లెంలో వేశాడు. గిర్ని పిండి రొట్టె కాదని ఆయనకు తెలుసు. అయినా ముఖంలో చిన్నతనం లేదు.

"అత్తమ్మా, బిర్యానీ మంచిగయింది," అంది రుబీనా. సుగ్రా బేగం వైపు చూసి అన్న మొదటి మాట అది. "మీరు గూడ కూసోండ్రి. పొద్దుగాల నుంచి నిలబడే ఉన్నరు." తర్వాత మొగుడి వైపు తిరిగి మెల్లగా, "కార్ల నుంచి సంచి తీస్కరాపోండ్రి," అంది.

ఫహీమ్ లేచాడు. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు.

అతను గడప దాటాడో లేదో, ముబషిరా చెంచా కింద పెట్టింది. "అమ్మా, కడుపుల నొస్తున్నది." ఆ మాట పూర్తయ్యీ కాకముందే తిన్నదంతా దస్తర్‌ఖాన్ మీదే కక్కేసింది.

ఎవరూ కదల్లేదు. అంతలోనే అందరూ ఒక్కసారి కదిలారు. రుబీనా పిల్లను ఒడిలోకి లాక్కుని నోరు తుడిచింది.

"దేంట్ల కలిసింది అత్తమ్మా?"

"దేంట్ల కలవలే రుబీనా. ఈ ఇంట్ల గోధుమ లేదు."

"మల్ల గిదేంది?"

"నేను ముందుగాల్నే అనుకున్న," అన్నాడు హఫీజ్ సాబు. "గిర్ని ఇల్లు. ఎంత కడిగినా గిర్ని ఇల్లే." అహ్మద్ తల వంచుకున్నాడు. ఆయన తెల్ల చొక్కా మీద ఒక్క మరక లేదు.

వంచిన ఆ తల చూశాక సుగ్రా బేగం ఇక ఆగలేకపోయింది. పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "నా బంగారు కొండా, దవాఖానల గూడ అడుగుతరు. ఏం తిన్నవో చెప్తేనే మందిస్తరు. అమ్మకు చెప్పొద్దని నీకు నేర్పింది నేనే, తప్పు నాదే. ఇయాల నేనే అంటున్న, చెప్పు. నీకు ఎవరు పెట్టిండ్రు? ఎవ్వరు కొట్టరు, ఎవ్వరు యాడికి తీస్కపోరు."

ముబషిరా తల్లి వైపు చూసింది. నానీ వైపు చూసింది. ఖాజాబీ తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఉంది. పిల్ల కళ్ల నిండా నీళ్లు. సన్నటి చెయ్యి మెల్లగా లేచింది.

ఆ వేలు నానీ వైపు పోలేదు. నేరుగా సుగ్రా బేగం మీదికి వచ్చింది.

"దాదీ పెట్టింది. వంటింట్లకు తీస్కపోయి పెట్టింది. ఒక్క ముద్దకు ఏమైతది అన్నది. అమ్మకు చెప్పొద్దన్నది."

ఒక్క మాటా అబద్ధం కాదు. అన్నీ పీర్ల పండుగ నాటివి.

సంచి పట్టుకుని లోపలికి వస్తున్న ఫహీమ్ గడపలోనే ఆగిపోయాడు. రుబీనా లేచి, గోడకున్న మేకు మీది నుంచి బురఖా తీసుకుంది.

"నిజమేనా అత్తమ్మా?"

కాదని ఖాజాబీ పేరు చెబితే పిల్ల అబద్ధాలకోరు అవుతుంది, నానీ ఇల్లు కూడా దానికి దూరమవుతుంది. అవునంటే పిల్ల ఇక ఈ గడప తొక్కదు. సుగ్రా బేగం ఖాజాబీ వైపు చూసింది. ఖాజాబీ తన పళ్లెంలోకి చూసుకుంటోంది.